రెండున్నర దాకా

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో ఆ వారం పేరు తెయోనాది. ఆర్హుస్‌లోని విద్యార్థుల మేడలో, నాలుగో అంతస్తులో, ఒకే వంటగది వాడుకునే ముగ్గురు ఆగస్టు చివర్లో రాసుకున్న కాగితం అది. జార్జియా నుంచి వచ్చిన తెయోనా, స్పెయిన్‌లో బాస్క్ కొండల నుంచి వచ్చిన ఇకేర్, పోలండ్ పిల్ల యగోదా. ముగ్గురూ డెన్మార్క్‌కి ఒక్క సెమిస్టరు చదువు కోసం వచ్చారు. జనవరికల్లా ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోవాలి. అందుకని ఒక్క శనివారం కూడా గదిలో పడి ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

కాగితం అడుగున ఒకే ఒక్క షరతు ఉంది. ఎవరి వంతు వారం వాళ్ళదే మాట. ఎక్కడికి, ఎలా, ఎన్నింటికి అని మిగతా ఇద్దరూ అడగకూడదు. ఎక్కమంటే ఎక్కాలి, దిగమంటే దిగాలి. నోరు జారి అడిగినవాళ్ళు వారం పాటు ముగ్గురి గిన్నెలూ తోమాలి. మొదట్లో ప్రతి ప్రయాణమూ సగం వాదనలతోనే అయిపోయేది, ముగ్గురికి ముగ్గురూ పెద్దమనుషులే మరి. ఆ గోల భరించలేక ఇకేర్ ఈ షరతు పెట్టాడు. పెట్టిన వారానికే తానే తప్పాడు. పక్క దేశంలోని మాల్మో ఊళ్ళో "ఇంకెంత దూరం నడిపిస్తావే?" అని యగోదాని అడిగి, వారం రోజులు సబ్బునీళ్ళలో చేతులు నానబెట్టుకున్నాడు.

తెయోనా వంతంటే మిగతా ఇద్దరికీ నిశ్చింత. వాళ్ళ ఊరు కుతాయిసీలో నాన్న బస్సు నడుపుతాడు. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆయనకి ఆ పూట అన్నం సయించదు. ఆ పిచ్చి కూతురికీ వచ్చింది. రైలు తొమ్మిదింటికంటే ఎనిమిదీ ఇరవైకే స్టేషన్‌లో నిలబెట్టేది. ఇకేర్ ఆమెకి స్టేషన్ మాస్టర్ అని పేరు పెట్టాడు. ఫ్రిజ్‌లో డబ్బాల మీద ఎవరిది ఏదో రాసేది కూడా ఆమే. ఎన్నిసార్లు తోమినా పోని నల్ల ఇంకు మార్కర్ ఒకటి ఎప్పుడూ ఆమె సంచిలో ఉండేది.

అక్టోబరు ఆఖరి శనివారం ఆమె వాళ్ళని పడమటి తీరానికి తీసుకెళ్ళింది. రైలు దిగి, అద్దె సైకిళ్ళు తీసుకుని, సముద్రపు గట్టు ఎక్కారు. అవతల వెస్టర్‌హోల్మ్ అనే చిన్న దీవి. మధ్యలో అయిదు కిలోమీటర్ల బురద. ఆ బురద మీదుగా ఒక కంకర దారి. సముద్రం తగ్గినప్పుడు దారి బయటపడుతుంది, పెరిగినప్పుడు మునిగిపోతుంది. రోజుకి రెండుసార్లు ఇదే వరస.

గట్టు మీద ఆస్గెర్ అనే ముసలాయన ఉన్నాడు. ట్రాక్టరుకి పెట్టె తగిలించి జనాన్ని దీవికి దాటించడం, రోజూ దారి మూసే టైము పలక మీద సుద్దతో రాయడం, టైముకి గొలుసు వేయడం ఆయన పని. ఆ రోజు పలక మీద ఒంటిగంట నలభై అని ఉంది. వీళ్ళు వచ్చేసరికి పదకొండే. దాటడానికి కావలసినంత టైముంది.

"రేపు ఎన్నింటికి మూస్తారండీ?" అని అడిగింది తెయోనా.

"రేపటిది రేపు రాస్తాను. రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే. సముద్రానికి శని ఆదివారాలు తెలియవమ్మా." ఆయన గడ్డం గోక్కుంటూ ముగ్గురినీ పైకీ కిందకీ చూశాడు. "ఒకటి చెప్తా వినండి. నీళ్ళు ఎదురుగా వస్తాయనుకుంటారు మీబోటివాళ్ళు. ఎదురుగా రావు. పక్క కాలవల్లోంచి వచ్చి ముందుగా మన వెనక దారి మూస్తాయి. దీవి వైపు దారి ఎత్తు, నడుమ పల్లం. కాబట్టి అటునుంచి వచ్చేవాడికి దారి పొడిగానే కనిపిస్తుంది. మునిగాక తెలుస్తుంది."

"మునిగితే?" అన్నాడు ఇకేర్.

"నడుమ గుంజల మీద ఒక మంచె కట్టాం. అది ఎక్కితే బతుకుతారు. అందుకోకపోతే ఇంక నేను చెప్పేదేం లేదు."

"తాతా, నువ్వు భలే ధైర్యం చెప్తావు," అన్నాడు ఇకేర్. ముసలాయన నవ్వలేదు.

తెయోనా చిన్న పుస్తకం తీసి లెక్క వేసింది. ఒంటిగంట నలభైకి యాభై నిమిషాలు కలిపితే రెండున్నర. కింద రెండు గీతలు గీసింది. కూడికలో తప్పేమీ లేదు. ఆ రోజు గడియారం ప్రకారం అది అక్షరాలా నిజం.

కానీ మర్నాటి గడియారం వేరు. ఆ దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారాలు జరుపుతారు. వేసవిలో ఒక గంట ముందుకి, మళ్ళీ అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున ఒక గంట వెనక్కి. మూడయ్యేసరికి మళ్ళీ రెండవుతుంది. ఫోన్లు వాటంతటవే మారిపోతాయి, ఎవరికీ చెప్పవు. అంటే శనివారం లెక్కలో రెండున్నర అయినది ఆదివారం ఫోనులో ఒంటిగంటన్నర. పోలండ్‌లో, స్పెయిన్‌లో పుట్టినవాళ్ళకి ఇది చిన్నప్పటి నుంచీ అలవాటే. జార్జియాలో గడియారాలు జరపడం ఏనాడో మానేశారు. ఎక్కడో అలా చేస్తారని తెయోనా విన్నదేమో గానీ, అది ఆ రాత్రే అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

దీవిలో వాళ్ళు దిగిన సత్రం బొడిల్ అనే పెద్దావిడది. మధ్యాహ్నమంతా బురదలో తిరిగారు. ఇకేర్ గవ్వలు ఏరుతూ వంగితే జేబులో ఫోను బురదగుంటలో పడింది, తీసేసరికి చచ్చింది. "పోనీలే, మా అమ్మ ఫోన్ల బాధ తప్పింది," అన్నాడు. సాయంత్రం బొడిల్ పొయ్యి మీద తెయోనా జున్ను కూరిన రొట్టెలు కాల్చింది. యగోదా ఊరేసిన దోసకాయల సీసా విప్పింది. తిని, పేకాట ఆడి, కడుపులు పట్టుకుని నవ్వారు.

పడుకోబోయే ముందు బొడిల్ వంటగదిలోకి వచ్చి, "అమ్మాయ్, నువ్వు పొడుగ్గా ఉన్నావు, ఆ గోడ గడియారం కాస్త దించిపెట్టు," అంది. తెయోనా కుర్చీ ఎక్కి దించి ఆవిడ చేతిలో పెట్టింది. బ్యాటరీ మార్చడానికేమో అనుకుంది. బొడిల్ వెనక మర తిప్పి మళ్ళీ ఇచ్చింది. తెయోనా దాన్ని తన చేతులతోనే మేకుకి తగిలించి, వంకర లేకుండా సరిచేసి, ముళ్ళ వంక చూడకుండానే దిగింది. అయ్యో, ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది కదా.

ఆదివారం కిటికీల బయట పలచగా పొగమంచు పట్టింది. ఇకేర్ ఒళ్ళు విరుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆహా, గంట ఎక్కువ పడుకున్నాను. ఏడాదిలో నాకు నచ్చిన రోజు ఇదే."

"నువ్వు రోజూ గంట ఎక్కువే పడుకుంటావుగా," అంది తెయోనా రొట్టె మీద వెన్న రాస్తూ.

యగోదా కాఫీ కప్పు కింద పెట్టింది. ఏదో గుర్తొచ్చినట్టు కనుబొమలు ముడిచింది. "తెయోనా, నువ్వు నిన్న రెండున్నర అన్నావు కదా, అది ఆ గంట..."

"ఆఁ ఆఁ," అని ఇకేర్ చెంచాతో బల్ల మీద కొట్టాడు. "అడుగుతున్నావు. విన్నావా స్టేషన్ మాస్టర్? అడుగుతోంది. గిన్నెలు తోమాలని సరదాగా ఉందా యగోదా? మొన్న రాత్రి నేను మాడబెట్టిన బాణలి కూడా మన వంటగదిలో నీకోసమే ఉంది."

"నేనేం అడగలేదు బాబూ," అంది యగోదా చేతులెత్తి. "నోరు మూసుకున్నా. తెయోనా లెక్క, తెయోనా ఇష్టం."

తెయోనా కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమె జీవితంలో ఎన్నిసార్లు గుర్తొస్తుందో అప్పటికి ఆమెకి తెలియదు.

దీవి ఉత్తరం కొసన సీల్ జంతువులు ఒడ్డెక్కి పడుకుంటాయని బొడిల్ చెప్పింది. అవి చూడకుండా కదలనని ఇకేర్ పట్టుపట్టాడు. యగోదాకి మోకాలు నొప్పి, సైకిలు మెల్లగా తొక్కుతుంది. పైగా సోమవారం క్లాసులో మాట్లాడాల్సింది ఉంది, పెందలాడే వెళ్ళి చదువుకోవాలంది. విడివిడిగా వెళ్ళడం తెయోనాకి ఇష్టం లేదు. పొద్దున్నుంచీ ఎందుకో మనసు మనసులో లేదు. కానీ లెక్క వేసుకుంటే ఏ ఇబ్బందీ కనబడలేదు.

"సరే. మేమిద్దరం ఒంటిగంటకి బయల్దేరతాం. నువ్వు సీల్స్‌ని చూసి రెండుకల్లా దారి ఎక్కెయ్. ఇరవై నిమిషాల్లో తొక్కేస్తావు. ఆ పైన పది నిమిషాలు మిగులుతుంది."

"పదా? నువ్వు నలభై ఉంచుతావు కదా ఎప్పుడూ. నా మీద అంత చులకనా?"

"నీకు నలభై ఇస్తే సీల్స్‌తో కబుర్లు చెప్తూ కూర్చుంటావు. చెయ్యి ఇలా ఇయ్యి."

ఇకేర్ చొక్కా చెయ్యి పైకి లాగి ముంజేయి చాపాడు. తెయోనా సంచిలోంచి నల్ల మార్కర్ తీసి, వాడి చేతి మీద లావుగా 2:30 అని రాసింది. డబ్బాల మీద రాసినట్టే కింద రెండు గీతలు గీసింది.

"ఇది దాటకూడదు. ఫోను లేదు నీకు. సత్రం గడియారం చూసుకుని రా."

"చిత్తం," అన్నాడు ఇకేర్. "మాట పడిపోయినా చెయ్యి చూపిస్తా, ఇంటికి చేరుస్తారు." సైకిలెక్కి ఈల వేసుకుంటూ ఉత్తరం వైపు వెళ్ళిపోయాడు. మంచులో వాడి ఎర్ర టోపీ కాసేపు కనిపించింది.

ఒంటిగంటకి ఆడపిల్లలిద్దరూ దారి ఎక్కారు. మొదటి కిలోమీటరు పొడిగా ఉంది. గుర్తుగా రెండు పక్కలా పాతిన ఎండుకొమ్మలు మంచులోంచి ఒకటొకటిగా బయటికొస్తున్నాయి. మంచె దాటాక కంకర మీద చక్రాల జాడల్లో నీళ్ళు మెరిశాయి. తెయోనా ఫోను చూసింది. ఒంటిగంటా పన్నెండు. ఇంకా గంటకి పైనే ఉంది కదా అనుకుంది.

"రాత్రి వాన పడిందా?" అంది యగోదా.

"పడే ఉంటుంది."

కానీ అది వాన నీరు కాదు. నిలిచి లేదు, కదులుతోంది. కుడి పక్క కాలవలోంచి సన్నగా చప్పుడు చేస్తూ దారి మీదికి పాకుతోంది. తెయోనా లెక్క మళ్ళీ వేసుకుంది. ఒంటిగంట నలభై, యాభై నిమిషాలు, రెండున్నర. సరిగ్గానే ఉంది. మరి ఈ నీళ్ళేమిటి? యగోదా ఆమె వంక చూసింది, ఏదో అనబోయి పెదాలు బిగించుకుంది. పాడు షరతు. నీళ్ళు కాళ్ళ కిందికి వచ్చినా ఆ పిల్ల అడగలేదు.

"గట్టిగా తొక్కు," అంది తెయోనా. "మోకాలు సంగతి తర్వాత చూద్దాం. తొక్కు."

చివరి అరకిలోమీటరు సైకిళ్ళు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో తోసుకుంటూ నడిచారు. చలికి కాళ్ళు కొయ్యబారాయి. గట్టు ఎక్కేసరికి ఆస్గెర్ గొలుసు వేసి తాళం పెడుతున్నాడు. వీళ్ళని చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"బుద్ధుందా మీకు? పలక చూసుకోరా? రెండు నిమిషాలైంది మూసి."

తెయోనా పలక వంక చూసింది. దాని మీద ఒంటిగంటన్నర అని సుద్దతో రాసి ఉంది. ఫోను చూసింది. ఒంటిగంటా ముప్ఫై రెండు.

"రెండున్నర కదండీ. యాభై నిమిషాలన్నారు మీరు."

"నిన్నటి గడియారానికి రెండున్నరే. రాత్రి గంట వెనక్కి తిప్పారుగా. ఇవాళ్టికి ఒంటిగంటన్నర. ఏ దేశమమ్మా నీది?"

తెయోనా యగోదా వైపు తిరిగింది. యగోదా పాలిపోయి నిలబడింది.

"నీకు తెలుసా, గంట తిప్పారని?"

"తెలుసు. అందరికీ తెలుసు కదా. నువ్వు కలుపుకునే చెప్పావనుకున్నా. పొద్దున అడగబోయా... ఇకేర్..." ఆ పేరు నోట్లోంచి రాగానే ఇద్దరూ ఒకేసారి దీవి వైపు తిరిగారు. మంచు తప్ప అక్కడ ఏమీ కనబడలేదు.

"ఇంకొకడున్నాడు," అంది తెయోనా. "రెండుకి బయల్దేరతాడు. నేనే చెప్పాను."

ఆస్గెర్ ఇంక తిట్టలేదు. దానికే భయమేసింది తెయోనాకి. ఆయన జేబులోంచి ఫోను తీసి ముందు రేవులో ఉన్న రక్షణ పడవకి చెప్పాడు. మంచులో నలభై నిమిషాలు పడుతుందన్నారు. తర్వాత దీవిలో రెండిళ్ళకి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. దీవిలో ఉన్నదే ముప్ఫైమంది, ఆ ఆదివారం అందరూ చర్చిలో ఉన్నారు. తెయోనా సత్రం రసీదు మీద ఉన్న నంబరుకి చేసింది. మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. ఒంటిగంట నలభై, నలభై అయిదు, యాభై. ఇకేర్ ఇంకా బయల్దేరి ఉండడు, ఇంకా టైముంది, ఒక్కరు ఎత్తితే చాలు. "ఆలస్యం చెయ్యరా, ఈ ఒక్కసారికి ఆలస్యం చెయ్యి," అని గొణుక్కుంది. జీవితంలో ఎవరినీ ఆలస్యం చెయ్యమని కోరుకోని మనిషి ఆమె.

రెండూ అయిదుకి బొడిలే తిరిగి చేసింది. తెయోనా అందరికీ వినబడేలా పెట్టింది.

"ఇప్పుడే చర్చి నుంచి వచ్చానమ్మా. ఆ కుర్రాడా? రెండుకి పావుగంట ముందే వెళ్ళిపోయాడు. నేను వస్తుంటే కంకర దారి మొదట్లో ఎదురయ్యాడు."

"ముందేనా?" అంది తెయోనా.

"అదే అన్నాడు. మా తెయోనాకి ముందుగా వస్తే ఇష్టం, ఇవాళ ఆశ్చర్యపోతుంది అన్నాడు. దారి మూసేశారు నాయనా అని చెప్పాను. చెయ్యి చూపించాడు. ఆమె లెక్క ఒక్కసారి కూడా తప్పలేదండీ అని నవ్వాడు. నీళ్ళు చూసి వెనక్కొస్తాడులే అనుకున్నాను. రాలేదా?"

"ఆ కొసన నీళ్ళు కనబడవు బొడిల్," అన్నాడు ఆస్గెర్. "నీకు తెలియదా ఆ సంగతి?"

ముసలాయన గొలుసు తీసి ట్రాక్టరు తోలుకుంటూ నీళ్ళలోకి దిగాడు. పెద్ద చక్రాలు సగం మునిగేదాకా వెళ్ళాడు. హారన్ కొట్టి ఆగి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. ఇంజను ఆగిపోయేలా ఉంటే వెనక్కి వచ్చేశాడు. "మంచె అందుకుని ఉంటాడు," అన్నాడు దిగుతూ. మాట ధైర్యంగానే ఉంది గానీ ఆయన ఎవరి ముఖంలోకీ చూడలేదు.

ఇద్దరూ గట్టు మీద నిలబడి పేరు పెట్టి పిలిచారు. గొంతు పోయేదాకా పిలిచారు. ఒకసారి యగోదాకి జవాబు వినిపించినట్టయింది, తీరా అది ఏదో పక్షి. తెయోనా చేతిలో ఫోను రెండున్నర చూపించింది. ఆమె రాసిచ్చిన టైము. కళ్ళ ముందు కంకర దారి లేదు, కొమ్మలు లేవు, గట్టు అంచు దాకా సముద్రమే ఉంది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

చీకటి పడకముందే పడవవాళ్ళకి ఇకేర్ దొరికాడు. మంచెకి నూరు అడుగుల దూరంలో. సైకిలు వదల్లేదట, అద్దె సైకిలు పోతే డబ్బు కట్టాలని కాబోలు, హ్యాండిల్ పట్టుకునే ఉన్నాడు. గట్టు పక్క షెడ్డులో ముఖం మీదుగా దుప్పటి కప్పి పడుకోబెట్టారు. ఒక పోలీసు అధికారిణి వచ్చి ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, వేడి టీ ఇచ్చి, మెల్లగా అడగడం మొదలుపెట్టింది. పేరు, ఊరు, తల్లిదండ్రుల నంబరు. తర్వాత కాగితం తిప్పింది.

"చేతి మీద ఒక టైము రాసి ఉంది. అంతసేపు నీళ్ళలో ఉన్నా చెరగలేదు. అతనే రాసుకున్నాడా?"

"అవును," అంది యగోదా వెంటనే. "వాడే రాసుకున్నాడు. వాడికి మతిమరుపు. ఎక్కడో తప్పు చూసి ఉంటాడు." బెంచీ కింద ఆమె చెయ్యి తెయోనా చేతిని గట్టిగా నొక్కింది. మాట్లాడకు అని.

అధికారిణి రాసుకోబోయింది. తెయోనా ఒళ్ళో ఉన్న సంచి తెరిచి, నల్ల మార్కర్ తీసి బల్ల మీద పెట్టింది.

"వాడు కాదండీ. నేను రాశాను. గంట తిప్పుతారని నాకు తెలియదు."

అధికారిణి మార్కర్ వైపూ ఆమె వైపూ చూసింది. "మిగతా ఇద్దరికీ తెలిసి ఉంటుందే. మరి ఈ టైము సరైనదేనా అని ఒక్కరైనా నిన్ను అడగలేదా?"

"అడగకూడదు," అంది తెయోనా. "ఈ వారం నా వంతు."